గెలిచి మానేసిన మనిషి మళ్లీ ఎందుకు వచ్చింది?



మధ్యాహ్నం వంట ముగించి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళ రేడియోలో ఆడవాళ్ల కబుర్లంటే కూరలూ, పచ్చళ్లూ, పిల్లల దగ్గూ జలుబూ అని మీరు అనుకోవడం సహజమే. ఇవాళ మాత్రం సైకిలు పందేల సంగతి చెప్పబోతున్నాను. "సైకిలు పందేలతో మాకేం పనమ్మా?" అని రేడియో కట్టేయకండి. కాసేపు ఓపిక పట్టండి. సంగతి సైకిలుదే గానీ, అందులోంచి వచ్చే ప్రశ్న మనందరిదీ.

ప్రశ్న ఏమిటంటే, ఒక పనిలో అందరికంటే పైకి వెళ్లి, ఇక చాలనుకుని మర్యాదగా తప్పుకున్న మనిషి, కొన్నాళ్లకు మళ్లీ అదే బరిలోకి ఎందుకు దిగుతుంది? డబ్బుకా? పేరుకా? ఇంట్లో తోచకనా? ఓడిపోతే ఉన్న పేరు కూడా పోతుందన్న భయం ఉండదా?

నేను చెప్పబోయేది అమెరికాకు చెందిన క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి. 1973 ఆగస్టు 11న పుట్టింది. ఐడహో రాష్ట్రంలో బాయ్‌సీ అనే ఊళ్లో స్థిరపడింది. ఆర్మ్‌స్ట్రాంగ్, సైకిలు అనగానే మీ ఇంట్లో మగపిల్లలు "లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగే కదా" అంటారు. ఇద్దరికీ ఇంటిపేరు కలిసిందే గానీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన సంగతి కూడా తర్వాత చెబుతాను. ఎందుకంటే ఆయనా మానేసి మళ్లీ వచ్చినవాడే.

క్రిస్టిన్ మొదట సైకిలు కోసం పుట్టిన మనిషేమీ కాదు. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి చేసే ట్రయాథ్లాన్ అనే పోటీల్లో ఉండేది. 2001లో డాక్టర్లు పరీక్ష చేసి, రెండు తుంటి కీళ్లూ అరిగిపోతున్నాయని చెప్పారు. అప్పటికి ఆవిడకు ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు.

ఈ కీళ్లు అరగడం అన్నది మనకు కొత్త మాట కాదు. మన అత్తగార్లూ అమ్మలూ మెట్లెక్కుతూ మోకాలు పట్టుకుని "రామా" అనుకునేది దీనివల్లనే. ఎముకా ఎముకా కలిసే చోట మెత్తని పొర ఒకటి ఉంటుంది. బండి చక్రానికి కందెనలాగా అది ఎముకలు రాసుకోకుండా కాపాడుతుంది. ఆ పొర అరిగితే నొప్పి, బిగుతు మొదలవుతాయి. పరుగెత్తేటప్పుడు అడుగు పడ్డప్పుడల్లా ఒంటి బరువుకు రెండు మూడింతల అదటు కీళ్ల మీద పడుతుంది. సైకిలు మీద అలా కాదు. బరువు చాలా భాగం సీటు మోస్తుంది. కాళ్లు గుండ్రంగా తిరుగుతాయే తప్ప నేలను గుద్దుకోవు. అందుకే ఆవిడ పరుగు మానేసి సైకిలు పట్టుకుంది. ఒక దారి మూసుకుపోతే పక్కన ఇంకో సందు దొరికిందన్నమాట. (ఇది విని మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రేపే సైకిలెక్కేయకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి.)

ఇక ఆవిడ పాల్గొన్న పందెం ఎలాంటిదో చెప్పాలి. సైకిలు పందేల్లో చాలావరకు అందరూ ఒకేసారి గుంపుగా బయలుదేరతారు. ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతుంటే, వెనకవాళ్లు వాళ్ల చాటున తక్కువ శ్రమతో తొక్కుతారు. క్రిస్టిన్ పందెం అది కాదు. టైమ్ ట్రయల్ అంటారు. ఒక్కొక్కరినీ కొంత వ్యవధి ఇచ్చి విడివిడిగా వదులుతారు. ఎవరి చాటునా దాక్కోవడానికి లేదు. పక్కన తోడు లేదు. గాలి మొత్తం నీ ముఖానే కొడుతుంది. అందరిలోకీ తక్కువ సమయంలో దూరం ముగించినవాళ్లు గెలిచినట్టు. ఒక్క మాటలో చెప్పాలంటే మనిషికీ గడియారానికీ పందెం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత దీంతో పని ఉంది.

2006లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఈ పందెంలో ఆవిడ ప్రపంచ విజేత అయింది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 23.5 కిలోమీటర్ల పందెంలో, రెండో స్థానంలో వచ్చిన బ్రిటన్ క్రీడాకారిణి ఎమ్మా పూలీ కన్నా 24 సెకన్ల ముందు ముగించి బంగారు పతకం తెచ్చుకుంది. 2009లో స్విట్జర్లాండ్‌లోని మెండ్రీసియోలో మళ్లీ ప్రపంచ విజేత. అక్కడితో సెలవు తీసుకుంది. కారణం మనకందరికీ అర్థమయ్యేదే. ముప్ఫై ఆరేళ్లు వచ్చాయి, పిల్లల్ని కనాలనుకుంది. పెద్దవాళ్లయితే "మంచి పని చేశావమ్మా, ఇక ఇంటిపట్టున ఉండు" అని అక్షింతలు వేసేవాళ్లు.

2010 సెప్టెంబరులో కొడుకు పుట్టాడు. మరుసటి ఏడాదికల్లా ఆవిడ మళ్లీ పందేల్లో కనిపించింది!

పురుడు పోసుకున్న ఒళ్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పొట్ట కండరాలు వదులవుతాయి, నడుం పట్టు తప్పుతుంది, రాత్రిళ్లు నిద్ర ఉండదు. సైకిలు ముందుకు వంగి గంటసేపు కదలకుండా పట్టి ఉంచాల్సింది ఆ నడుమూ, ఆ పొట్టే. వాటిని మళ్లీ మొదటినుంచీ కూడగట్టుకోవాలి. ఎలాగో కూడగట్టుకుంది. అంతా కుదిరిందనుకునే వేళకు 2012 మే నెలలో, సొంత ఊరు బాయ్‌సీలోనే జరిగిన పందెంలో పడిపోయి కాలర్ ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటికి లండన్ ఒలింపిక్స్ సుమారు రెండు నెలల్లో ఉన్నాయి. ఆపరేషన్ చేయించుకుని మళ్లీ సైకిలెక్కింది. లండన్‌లోనూ మూడు రోజుల ముందు జరిగిన గుంపు పందెంలో తడి రోడ్డు మీద ఇంకోసారి పడింది. అయినా 2012 ఆగస్టు 1న జరిగిన టైమ్ ట్రయల్‌లో 15 సెకన్ల తేడాతో గెలిచింది. రెండేళ్లు కూడా నిండని కొడుకును ఎత్తుకుని పతకం వేదిక మీద నిలబడింది. ఆ ఫొటో చూస్తే తెలుస్తుంది, వాడికి పతకం కంటే దాని రిబ్బను మీదే మనసు ఉండివుంటుంది. పిల్లలు కదా!

మళ్లీ సెలవన్నది. ఈసారి అందరూ నమ్మారు. తుంటికి ఆపరేషన్లు కూడా జరిగాయి. బాయ్‌సీలో ఒక ఆస్పత్రివారి దగ్గర ప్రజారోగ్యానికి సంబంధించిన ఉద్యోగంలో కుదురుకుంది. పిల్లవాడు, ఇల్లు, ఉద్యోగం. రెండు బంగారు పతకాలు బీరువాలో ఉన్నాయి. ఇంకేం కావాలి?

2015లో మళ్లీ వచ్చింది. అప్పటికి నలభై ఒకటి దాటాయి.

ఇక్కడ కథ అంత తీపిగా సాగదు. దాచి చెప్పడం నాకిష్టం లేదు. మళ్లీ వచ్చిన ఏడాది అమెరికా జాతీయ టైమ్ ట్రయల్ గెలిచింది గానీ, ప్రపంచ పోటీలో అయిదో స్థానంలో ఆగిపోయింది. 2016లో జాతీయ విజేత కార్మెన్ స్మాల్ అనే ఆవిడ. అయినా రియో ఒలింపిక్స్‌కు ఎంపిక సంఘం వారు తమ విచక్షణ మేరకు క్రిస్టిన్‌ను తీసుకున్నారు. స్మాల్, ఆంబర్ నీబెన్ తదితరులు ఒప్పుకోలేదు. మాకు అన్యాయం జరిగిందని మధ్యవర్తుల దాకా వెళ్లారు. మధ్యవర్తులు ఎంపిక సరైనదే అన్నారు. ఇందులో ఇంకో చిత్రం ఉంది. ఆ నీబెన్ అదే ఏడాది అక్టోబరులో దోహాలో జరిగిన ప్రపంచ పోటీలో, నలభై ఒక్కేళ్ల వయసులో, టైమ్ ట్రయల్ విజేత అయింది. అంటే కాదన్న మనిషి కూడా తక్కువదేమీ కాదు. మానేసిన మనిషి తిరిగి వస్తే, ఎవరో ఒకరి చోటు తగ్గుతుంది. మళ్లీ వచ్చేవాళ్ల కథలు చెప్పేటప్పుడు ఈ ముక్కను మనం సాధారణంగా వదిలేస్తాం.

2016 ఆగస్టు 10. రియోలో వాన, సముద్రపు గాలి, కొండ ఎక్కుడు దారి. దాదాపు 30 కిలోమీటర్లు. మరునాటికి ఆవిడకు నలభై మూడేళ్లు నిండుతాయి. దారిలో ముక్కు వెంట రక్తం కారింది. తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే వేగం తగ్గుతుందని కాబోలు, అలాగే తొక్కింది. 44 నిమిషాల 26 సెకన్లలో ముగించింది. లెక్క వేసి చూడండి, గంటకు 40 కిలోమీటర్ల వేగం. మన ఊళ్లో స్కూటరు పోయే వేగం అది. రెండో స్థానంలో వచ్చిన రష్యా క్రీడాకారిణి ఓల్గా జబెలిన్‌స్కాయాకూ ఆవిడకూ తేడా అయిదున్నర సెకన్లు. బీజింగ్‌లో 24, లండన్‌లో 15, రియోలో 5. వయసు మాట్లాడిన మాట ఆ అంకెల్లో ఉంది. అయినా గెలుపు గెలుపే. టైమ్ ట్రయల్‌లో వరసగా మూడు ఒలింపిక్స్ గెలిచినవాళ్లు అంతకు ముందు ఆడవాళ్లలోనూ లేరు, మగవాళ్లలోనూ లేరు.

గీత దాటి నేల మీద కూలబడి ఏడ్చేసింది. అయిదేళ్ల కొడుకు పరుగెత్తుకొచ్చాడు. గెలిచావు కదమ్మా, మరి ఎందుకేడుస్తున్నావు అన్నాడట. ఆ ప్రశ్నకు ఏ తల్లి మటుకు జవాబు చెప్పగలదు?

విలేకర్లు అడిగిన ప్రశ్న వేరు. రెండుసార్లు శిఖరం ఎక్కినదానివి, ఉన్న పేరు పణంగా పెట్టి మళ్లీ ఎందుకొచ్చావు అని ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఆవిడ చెప్పిన జవాబు సారాంశం ఇంతే: చేయగలను కనుక.

మొదట చదివినప్పుడు ఇది నాకు పొగరుగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, చాలా నిక్కమైన మాట అనిపించింది. మనం మామూలుగా ఏ పని చేయడానికైనా పక్కవాళ్లకు నచ్చే కారణం ఒకటి వెతుకుతాం. పిల్లల కోసమనో, ఇంటి ఖర్చుల కోసమనో, ఆయన బలవంతం మీదనో అంటాం. నాకు వచ్చు, నాలో ఇంకా ఉంది, అందుకే చేస్తున్నాను అనడానికి మనకు నోరు రాదు.

ఆ ఒక్క మాట వెనక మరికొన్ని సంగతులున్నాయని నాకు తోస్తుంది. ఇవి ఆవిడ చెప్పినవి కావు, జరిగినదాన్ని బట్టి నేను అనుకుంటున్నవి. ఒకటి, ఆవిడ రెండుసార్లు మానేసినా, ఓడిపోయి మానలేదు. ఒంట్లో శక్తి ఉండగానే, ఇంటి పని పిలిస్తే ఆగింది. అలా ఆగినదానికీ, ఇక చాతకాక ఆగినదానికీ చాలా తేడా ఉంది. ఉడుకుతున్న అన్నం కింద మంట తగ్గించామంటే దించేసినట్టు కాదు గదా!

రెండోది, ఆ పందెం స్వభావం. నలభై దాటితే గుండె కొట్టుకునే గరిష్ఠ వేగం తగ్గుతుంది, ఉన్నట్టుండి దూకే చురుకూ తగ్గుతుంది. కానీ చాలాసేపు ఒకే తీరున శ్రమపడే ఓర్పు అంత తొందరగా పోదు. ఎక్కడ ఎంత బలం ఖర్చు పెట్టాలో తెలిసిన లెక్క అనుభవంతో పెరుగుతుంది. గడియారంతో పోటీకి కావలసినవి ఈ రెండే. పైగా సాధన ఒంటరిగా, ఇంటి దగ్గర రోడ్ల మీద చేసుకోవచ్చు. పిల్లవాడినీ ఉద్యోగాన్నీ చూసుకునే మనిషికి కుదిరే పందెం అది.

ఇలాంటి కథ ఇంకోటి ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన లియోంటీన్ వాన్ మోర్సెల్ చిన్న వయసులోనే ప్రపంచ విజేత అయి, ఒళ్లు తగ్గితేనే గెలుస్తానన్న పట్టుదలతో తిండి మానేసే జబ్బులో పడింది. పందేలు ఆపేయాల్సి వచ్చింది. కోలుకున్నాక తిరిగొచ్చి, 1998లో టైమ్ ట్రయల్ ప్రపంచ విజేతగా, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలతో నిలిచింది. ఈవిడ తిరిగి రావడం ఆరోగ్యం తిరిగి రావడంతో ముడిపడి ఉంది. ఆడపిల్లలున్న తల్లులు ఈ కథ మొదటి సగం కూడా గుర్తుంచుకోవాలి.

ఇక లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి చెబుతానన్నాను. ఆయన క్యాన్సరును జయించి, 1999 నుంచి 2005 దాకా ఫ్రాన్సులో జరిగే పెద్ద పందెం, టూర్ డి ఫ్రాన్స్, ఏడుసార్లు గెలిచి మానేశాడు. 2008లో మళ్లీ వస్తున్నానన్నాడు. కారణం చెప్పమంటే, క్యాన్సరు గురించి ప్రపంచానికి తెలియజెప్పడానికి అన్నాడు. ఎంత మంచి కారణం! 2009లో మూడో స్థానంలో వచ్చాడు కూడా. కానీ 2012లో నిషిద్ధ మందులు వాడాడని తేలి ఆ ఏడు గెలుపులూ తీసేశారు. 2013 జనవరిలో టెలివిజన్‌లో తానే ఒప్పుకున్నాడు. ఆయన స్థాపించిన సంస్థ వల్ల రోగులకు మేలు జరగలేదని నేను అనను. కానీ ఒక సంగతి గమనించండి. ఒకరు చెప్పిన కారణం లోకహితం. ఇంకొకరు చెప్పింది చేయగలను కనుక అని. చెప్పిన కారణం గొప్పదా కాదా అన్నదాన్ని బట్టి మనిషిని తూయలేమని నాకు ఈ ఇద్దర్నీ చూశాక అనిపించింది.

ఇంత సైకిలు గోల నాకెందుకంటారా? చిన్నప్పుడు గంటకు రూపాయిచ్చి అద్దె సైకిలు తెచ్చుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కినదాన్ని. పదో తరగతితో చదువు ఆగింది, ఓణీతో సైకిలు ఆగింది. అయినా మనసులో ఉన్నది సైకిలు కాదు, ఈ మైకు. పెళ్లికి ముందు రేడియోలో రెండు మూడు సార్లు మాట్లాడాను. తర్వాత ఇద్దరు పిల్లలూ, మామగారి జబ్బూ, పద్నాలుగేళ్లు గడిచిపోయాయి. చిన్నవాడు హైస్కూలుకు వెళ్లాక మళ్లీ గొంతు పరీక్షకు వెళ్తానంటే మా అత్తయ్యగారు కోప్పడలేదు. ఊరికే, "ఇప్పుడెందుకే తల్లీ?" అన్నారు. ఆవిడ అడిగినదానికి నేను అబద్ధం చెప్పాను. "నాలుగు డబ్బులు వస్తాయి కదత్తయ్యా" అన్నాను. వచ్చే డబ్బులు ఆటోకూ, ఇస్త్రీకీ సరిపోతాయని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు గొంతు పరీక్షకు నా పక్కన ఇరవై రెండేళ్ల పిల్ల కూర్చుంది. చేతిలో కాగితం వణుకుతోంది. మంచినీళ్లిచ్చి, "నెమ్మదిగా చదువమ్మా" అన్నాను. నన్ను తీసుకున్నారు, ఆ పిల్లను తీసుకోలేదు. నా వల్లనే పోయిందని అనను. కానీ కార్మెన్ స్మాల్ సంగతి చదివిన రోజు ఆ పిల్ల ముఖం గుర్తొచ్చింది. అందుకే ఇక్కడికి వచ్చే కొత్త అమ్మాయిలెవరు అడిగినా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, కాగితం చప్పుడు కాకుండా ఎలా తిప్పాలో కూర్చోబెట్టి చెబుతాను. చోటు తీసుకున్నందుకు నేను తీర్చుకోగలిగిన బాకీ అంతే.

మీలో కూడా ఏదో ఒకటి మధ్యలో ఆపినవాళ్లు ఉంటారు. వీణ మీద గుడ్డ కప్పి అటకెక్కించినవాళ్లు, కుట్టు మిషను మూల పెట్టినవాళ్లు, హిందీ పరీక్షలు సగంలో వదిలినవాళ్లు. అందరూ మళ్లీ మొదలుపెట్టి తీరాలని నేను చెప్పడం లేదు. ఆపి హాయిగా ఉన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు, అదీ మంచిదే. మొదలుపెట్టాలని ఉన్నవాళ్లు మాత్రం మూడు సంగతులు చూసుకోండి. ఇప్పటి ఒంటికీ, ఇప్పటి ఇంటికీ కుదిరే పద్ధతి ఏదో వెతుక్కోండి. క్రిస్టిన్ పరుగు వదిలి సైకిలు పట్టుకున్నట్టు. మొదటి ఏడాది వెనకబడతారని ముందే అనుకోండి. ఇంట్లో ఎవరైనా "ఎందుకు?" అంటే కోపం తెచ్చుకోకండి, నాలాగా అబద్ధమూ చెప్పకండి.

మొన్న సంక్రాంతికి మా అత్తయ్యగారు పక్కింటావిడతో అంటుంటే విన్నాను. "మా కోడలు డబ్బుకోసం పోతోందంటుంది గానీ, దానికి అదంటే ఇష్టం" అన్నారు. ఇన్నేళ్లూ ఆవిడకు తెలుసన్నమాట!

పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు చూసుకోండి. సెలవు.